ర్యాంక్డ్ బటన్ దగ్గర గాభరా: వన్ వర్సెస్ వన్ ఆన్‌లైన్ గేమ్స్ ధైర్యంగా ఆడటానికి మొత్తం పద్ధతి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఆడే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, ఫ్రెండ్స్‌తో అయితే బాగానే ఆడతాను, టీమ్ గేమ్ అయినా పర్లేదు, ఒక్కడినే ర్యాంక్డ్‌లోకి వెళ్ళాలంటే మాత్రం గుండె దడదడలాడిపోతుంది, యాప్ తెరుస్తాను, నాలుగు పజిల్స్ చేసి మూసేస్తాను, ఏటి చెయ్యాలి?" అని. చెస్ వాళ్ళూ అడుగుతారు, క్లాష్ రాయల్ వాళ్ళూ అడుగుతారు, ఈఫుట్‌బాల్, స్ట్రీట్ ఫైటర్ ఆడేవాళ్ళూ అడుగుతారు. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్తే సగం సగమే చెప్పినట్టవుతోంది, అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ర్యాంక్డ్ (చెస్‌లో రేటెడ్) అంటే గెలుపోటములని బట్టి మీ రేటింగో ట్రోఫీలో పెరిగి తగ్గే మ్యాచ్. టీమ్ గేమ్‌లో ఓడిపోతే తప్పు నలుగురి మధ్య పంచుకుపోతుంది. ఒకరికి ఒకరు ఆడేచోట ఆ వీలు లేదు, ఓడితే నేనే ఓడాను. భయం మొత్తం అక్కడే ఉంది, అది సహజం, మీ ఒక్కరికే వచ్చిన జబ్బేం కాదు. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధ గేమ్ ఆడేవాళ్ళు దీన్ని 'ల్యాడర్ యాంగ్జైటీ' (ర్యాంకుల నిచ్చెన ఎక్కే భయం) అని పేరు పెట్టి మరీ మాట్లాడుకునేవాళ్ళు, ఆ ఆటలో 2013లో హార్ట్ ఆఫ్ ద స్వార్మ్ అనే అదనపు భాగంతో పాటు ర్యాంకు పోని అన్‌ర్యాంక్డ్ మోడ్ కూడా వచ్చింది.

ఒక్కటి మాత్రం మొదటే చెప్పేస్తాను. భయం పూర్తిగా పోయాక ఆడదాంలే అనుకుంటే అది ఎప్పటికీ పోదు. ఆడకుండా యాప్ మూసేసిన ప్రతిసారీ వెంటనే ఒక హాయి వస్తుంది చూడండి, ఆ హాయే రేపటి భయాన్ని మేపుతుంది, ఎందుకంటే "తప్పించుకున్నాను కాబట్టి బతికిపోయాను" అని మనసు లెక్క రాసుకుంటుంది. కాబట్టి భయం ఉండగానే ఆడాలి, కాకపోతే తట్టుకోగలిగినంత చిన్న మోతాదులో ఆడాలి. కింద ఉన్నదంతా ఆ మోతాదు ఎలా కొలుచుకోవాలన్నదే.

ఇంకోటి, డబ్బులు కట్టి ఆడే గేమ్స్ గురించి ఇది కాదు. ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. డబ్బు పెట్టేటప్పుడు వచ్చే గాభరా మాత్రం పోగొట్టుకోకండి, దాని మాట వినండి.

1. మీ భయం ఏ రకమో ముందు తేల్చుకోండి

అందరికీ ఒకే మందు పనిచెయ్యదు. ఒక కాగితం తీసుకుని "బటన్ నొక్కితే ఏమవుతుందని నా భయం?" అని రాసి, కింద నిజంగా వచ్చిన మాట రాయండి. బుర్రలో అనుకుంటే కుదరదు, రాయాల్సిందే. సాధారణంగా వచ్చేవి ఇవి:

- రేటింగ్, ట్రోఫీలు పోతాయి, ఇన్నాళ్ళ కష్టం పోతుంది (5వ భాగం మీకు ముఖ్యం)
- అవతలివాడు నవ్వుతాడు, ఎమోట్లు (వెక్కిరింపు బొమ్మలు) పెడతాడు, చాట్‌లో తిడతాడు (3, 8 చూడండి)
- ఇంట్లోవాళ్ళో ఫ్రెండ్సో చూస్తున్నారు (9 చూడండి)
- నెట్ పోతుందేమో, ఫోన్ వస్తుందేమో (3)
- గేమ్ మొదలవ్వగానే ఏం చెయ్యాలో తోచదు, బుర్ర ఖాళీ అయిపోతుంది (4)

చాలామంది మొదట "ఓడిపోతానని భయం" అని రాసి ఆపేస్తారు. అక్కడ ఆగకండి, "ఓడితే ఏమవుతుంది?" అని ఇంకొక్కసారి అడగండి. రెండో జవాబే అసలుది. ఒక కుర్రాడికి అలా అడిగితే "నేను చెస్‌లో మంచివాడినని మా వీధంతా అనుకుంటారు, రేటింగ్ చూస్తే కాదని తెలిసిపోతుంది" అని వచ్చింది. వాడికి ఓపెనింగ్స్ ఎన్ని నేర్పినా లాభం లేదు, రేటింగ్ కనపడకుండా చెయ్యడమే మొదటి పని.

2. వొంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

బటన్ నొక్కాక ప్రత్యర్థి దొరికేలోపు ఆ కొన్ని సెకన్లు గమనించండి. గుండె వేగం పెరుగుతుంది, వేళ్ళ చివర్లు చల్లబడతాయి, అరచేతులు తడిసిపోతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, చూపు స్క్రీన్‌లో ఒక మూలకే అతుక్కుపోతుంది. ఇదంతా అడ్రినలిన్ పని. పరిగెత్తడానికో పోట్లాడటానికో ఒళ్ళు తయారవుతోందన్నమాట, పెద్ద కండరాలకి రక్తం పంపి వేళ్ళకి తగ్గిస్తుంది. అందుకే మొదటి రెండు నిమిషాల్లో పిచ్చి ట్యాప్‌లు, మౌస్ జారిపోవడాలు ఎక్కువ. మీకు ఆట రాక అలా అవ్వలేదు.

దీనికి రెండు పనులు.

ఒకటి, ఊపిరి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 నుంచి 8 అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలేది పీల్చినదానికంటే పొడుగ్గా ఉండాలి, గుండె వేగం తగ్గేది ఆ వదిలేటప్పుడే. అలా ఆరుసార్లు చాలు, నిమిషం పైన పడుతుంది.

రెండోది, మీతో మీరు అనుకునే మాట. "కంగారు పడకు, కంగారు పడకు" అనుకుంటే కంగారు తగ్గదు, మీకూ తెలుసు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడే ముందు, ప్రసంగం ముందు, లెక్కల పరీక్ష ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళ కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళు బాగా చేశారు. గుండె ఎలాగూ కొట్టుకుంటోంది, దాన్ని ఆపడం కష్టం గానీ పేరు మార్చడం తేలిక. "ఊపు వచ్చింది, ఆడదాం" అని పైకే అనండి. మొదట ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా అనండి.

3. సామాను సర్దుకోవడం

ఈ భాగం చాలామంది దాటేస్తారు. మన వైపు పరిస్థితికి ఇదే సగం పని అని నా గట్టి నమ్మకం. నెట్ ఎప్పుడు పోతుందో తెలియని చోట కూర్చుని ఆడేవాడికి గాభరా రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

నెట్: ర్యాంక్డ్ ఆడే ముందు అదే చోట కూర్చుని, అదే సమయంలో, రెండు మూడు రోజులు మామూలు గేమ్స్ ఆడి చూడండి. సరిహద్దు ఊళ్ళలో సిగ్నల్ గదికో రకంగా ఉంటుంది, కిటికీ దగ్గర వచ్చేది లోపల గదిలో రాదు. ఏ మూల నిలకడగా ఉందో అదే మీ చోటు. వైఫై ఉంటే, రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి, మధ్యలో గోడలుంటే 2.4 మేలు, అది దూరం వస్తుంది.

కరెంటు: పోతే రూటర్ కూడా పోతుంది. వానాకాలంలో, తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ర్యాంక్డ్ పెట్టుకోకండి, మన కోస్తాకి అక్టోబరులో అది కొత్త కాదు. మామూలు రోజుల్లో ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కనెక్ట్ చేసి ఉంచితే ల్యాప్‌టాప్ దానికదే పట్టుకుంటుంది.

ఫోన్: రెండు సిమ్‌లు ఉన్నవాళ్ళు జాగ్రత్త. చాలా ఫోన్లలో ఒక సిమ్‌కి కాల్ వస్తే రెండో సిమ్ డేటా ఆగిపోతుంది. డూ నాట్ డిస్టర్బ్ పెట్టినా కాల్ లోపల రింగవుతూనే ఉంటుంది, అందుకని వైఫై ఉంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చెయ్యండి. డేటా మీదే ఆడితే, ఆ పావుగంట రెండో సిమ్‌ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోండి.

చెమట: టచ్ స్క్రీన్ తన మీది విద్యుత్ క్షేత్రంలో వేలు తెచ్చే మార్పుని పసిగట్టి పనిచేస్తుంది, స్క్రీన్ మీద తడి ఉంటే ఎక్కడో నొక్కితే ఎక్కడో పడుతుంది. మన ఉక్కపోతకి, పైన గాభరా చెమటకి, నూలు తువ్వాలు ఒకటి ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. గేమ్‌కీ గేమ్‌కీ మధ్య చేతులూ స్క్రీనూ రెండూ తుడవండి. ఫ్యాను ముఖం మీదకి కాకుండా చేతుల మీదకి తిప్పుకోండి.

చాట్, ఎమోట్లు: ముందే మూసెయ్యండి. లిచెస్ అనే ఉచిత చెస్ సైటులో ప్రిఫరెన్సెస్‌లో జెన్ మోడ్ ఉంది, పేర్లు, రేటింగులు, చాట్ అన్నీ తెర మీద నుంచి పోయి బోర్డూ గడియారమూ మిగులుతాయి. చిన్న పిల్లలకైతే కిడ్ మోడ్ ఆన్ చేస్తే మెసేజ్‌లే రావు. క్లాష్ రాయల్‌లో మ్యాచ్ మొదలవ్వగానే ఎమోట్ మ్యూట్ నొక్కండి, అవతలివాడు ఏమైనా పెట్టేదాకా ఆగకండి, ఒక్కటి చూశాక మూస్తే ఆ ఒక్కటే బుర్రలో తిరుగుతుంది.

కూర్చునే ముందు చూసుకోవాల్సినవి:

- బ్యాటరీ 40 శాతం పైన
- వైఫైతో ఏరోప్లేన్ మోడ్, లేదా రెండో సిమ్ ఆఫ్
- చాట్, ఎమోట్లు, రేటింగ్ కనపడటం ఆఫ్
- తువ్వాలు, మంచినీళ్ళు
- వచ్చే అరగంటలో మిమ్మల్ని ఎవరూ పిలిచే పని లేదు (గ్యాస్ బండి, ట్యూషన్, పాల ప్యాకెట్ అన్నీ అయిపోవాలి)

4. ఒక్కటే పట్టుకోండి

భయంలో ఉన్నప్పుడు బుర్ర కొత్తగా ఆలోచించలేదు, అలవాటైనది మాత్రం చేస్తుంది. కాబట్టి మొదటి నెల ఒకే ఆయుధం. క్లాష్ రాయల్ అయితే ఒక్క డెక్ (కార్డుల కట్ట), ఫైటింగ్ గేమ్ అయితే ఒక్క క్యారెక్టర్, ఈఫుట్‌బాల్ అయితే ఒక్క ఫార్మేషన్. ఓడిన ప్రతిసారీ డెక్ మార్చేవాళ్ళని చూస్తుంటాను, వాళ్ళు ఎప్పుడూ కొత్తవాళ్ళలాగే ఆడుతుంటారు పాపం.

చెస్ వాళ్ళకి నా సలహా: తెల్లతో లండన్ సిస్టమ్, నల్లతో అవతలివాడు రాజు ముందు బంటు జరిపితే కారో-కాన్, రెండూ ఓపెనింగ్స్ పేర్లే. అవే గొప్పవని కాదు, మొదటి ఐదారు ఎత్తులు దాదాపు ఒకేలాగ వస్తాయి, గుండె దడ తగ్గడానికి కావాల్సిన సమయం ఆ ఎత్తులు ఇస్తాయి.

తర్వాత "ఇలాగైతే ఇలాగ" అని మూడు వాక్యాలు రాసుకోండి. మనస్తత్వ శాస్త్రంలో పీటర్ గోల్‌విట్జర్ దీని మీద చాలా పనిచేశాడు, "బాగా ఆడతాను" అనుకోవడం కంటే "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్నవాళ్ళు పని పూర్తి చేస్తారని. ఉదాహరణకి:

- ఏనుగో మంత్రో ఊరికే పోతే, చేతులు టేబుల్ మీద పెట్టి మూడుసార్లు ఊపిరి వదిలి, అవతలివాడు తర్వాత ఏం చెయ్యాలనుకుంటున్నాడో చూస్తాను.
- మొదటి టవర్ పడిపోతే, ఎలిక్సిర్ (కార్డు వెయ్యడానికి ఖర్చయ్యేది) నిండేదాకా ఏమీ వెయ్యను.
- వరుసగా రెండు గోల్స్ తింటే, బంతి వెనక్కి పాస్ చేసి నిలబెడతాను.

మీ ఆటకి మీవి మీరు రాసుకోండి. మూడు చాలు, పది రాస్తే ఒక్కటీ గుర్తురాదు.

5. రేటింగ్ లెక్క ఒకసారి కూర్చుని అర్థం చేసుకోండి

రేటింగ్ పోతుందన్న భయం ఉన్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

రేటింగ్ మీ విలువ చెప్పదు, మీకు సమానమైనవాడిని వెతకడానికి ఆ సైటు వాడే అంచనా. ఎలో పద్ధతి లెక్క ప్రకారం మీరు అవతలివాడి కంటే 100 పాయింట్లు ఎక్కువైతే మీకు రావాల్సింది 64 శాతం స్కోరు. 200 ఎక్కువైతే 76 శాతం. అంటే 200 పాయింట్లు తక్కువ ఉన్నవాడితో ఆడినా నాలుగు పాయింట్లలో దాదాపు ఒకటి వాడికి పోవడం మామూలే. అలాంటివాడితో ఓడిపోయి "పరువు పోయింది" అనుకోవడానికి లెక్కలో చోటే లేదు.

ఇంకో లెక్క చూడండి. సరిగ్గా మీతో సమానమైనవాళ్ళతో డ్రాలు లేకుండా 10 గేమ్స్ ఆడితే, అందులో ఎక్కడో ఒకచోట వరుసగా మూడు ఓడిపోయే అవకాశం సగం పైనే. 20 గేమ్స్ ఆడితే వరుసగా నాలుగు ఓడిపోయే అవకాశం కూడా దాదాపు సగం. నాణెం ఎగరేసే లెక్కే ఇది, మీరు పాడైపోయారని అర్థం కాదు. వరుస ఓటములు వచ్చినప్పుడు "నా ఆట పోయింది" అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ గోడ మీద రాసుకోండి.

కొత్త అకౌంట్లకి ఇంకో చిక్కు ఉంది. లిచెస్ గ్లికో-2 పద్ధతి వాడుతుంది, అందరూ 1500 దగ్గర మొదలవుతారు, పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉన్నంతకాలం మీరు ఎంత ఆడతారో సిస్టమ్‌కి ఇంకా తెలియదని అర్థం. ఆ దశలో ఒక్క ఓటమికే అంకె దబ్బున పడుతుంది. చాలామంది ఇక్కడే బెదిరిపోయి మానేస్తారు. మానెయ్యకండి, గేమ్స్ పెరిగేకొద్దీ అది కుదురుకుంటుంది, తర్వాత సమానమైనవాడితో ఓడితే ఐదారు పాయింట్లే పోతాయి.

అన్నట్టు గుకేశ్ సంగతి గుర్తుందా? 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సింగపూర్‌లో మొదటి గేమే ఓడిపోయాడు, డిసెంబరు 12న 7.5–6.5తో ఛాంపియన్ అయ్యాడు. అదే నెలాఖరులో న్యూయార్క్‌లో కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్‌లో మొదటి రౌండ్ ఓడి, 11 రౌండ్లకి 8.5 పాయింట్లతో టైటిల్ పట్టుకొచ్చింది. మొదటి గేమ్ పోయింది కదా అని ఇద్దరూ లేచి వెళ్ళిపోలేదు.

6. మెట్లు కట్టుకుని దిగండి

గోపాల్‌పూర్ సముద్రంలోకి ఎవరూ ఒకేసారి మెడలోతుకి వెళ్ళరు కదా, ముందు చీలమండలు, తర్వాత మోకాళ్ళు. ఇక్కడా అంతే. చెస్‌కి నేను చెప్పే మెట్లు ఇవి, మీ ఆటకి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి మెట్టు: కంప్యూటర్‌తో. లిచెస్‌లో స్టాక్‌ఫిష్‌కి 8 స్థాయిలున్నాయి, మీరు సగం గెలిచే స్థాయి పెట్టుకోండి. గడియారం తప్పకుండా ఉండాలి, ఎత్తు వెనక్కి తీసుకోవడం ఉండకూడదు.

రెండో మెట్టు: తెలిసినవాళ్ళతో, కానీ సీరియస్‌గా. నవ్వుకుంటూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆడితే లెక్కలోకి రాదు. క్లాష్ రాయల్ వాళ్ళకి క్లాన్‌లో ఫ్రెండ్లీ బాటిల్ ఉంది, ట్రోఫీలు పోవు.

మూడో మెట్టు: తెలియనివాళ్ళతో, రేటింగ్ లేకుండా. లిచెస్‌లో క్యాజువల్, స్ట్రీట్ ఫైటర్ 6లో క్యాజువల్ మ్యాచ్. ఎక్కువమందికి అసలు భయం ఈ మెట్టు దగ్గరే మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

నాలుగో మెట్టు: రేటెడ్, రోజుకి ఒక్కటే. గెలిచినా ఓడినా ఒక్కటే. చెస్ అయితే 10+5 గానీ 15+10 గానీ, అంటే మొదటి అంకె నిమిషాలు, రెండోది ప్రతి ఎత్తుకీ వచ్చే అదనపు సెకన్లు. నెట్ కొంచెం ఆగినా ఆ సెకన్లు కాపాడతాయి. బుల్లెట్ (ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయే చెస్) వద్దు, గాభరాకి బుల్లెట్ పెట్రోలే.

ఐదో మెట్టు: రేటెడ్, ఒక కూర్చోడంలో మూడు.

ఆరో మెట్టు: టోర్నమెంటు, లేదా మీ ఊరి వాళ్ళు చూస్తుండగా.

ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎప్పుడు వెళ్ళాలి? గెలుపుని బట్టి కాదు. ఆడే ముందు మీ గాభరాకి 0 నుంచి 10 వరకు మార్కు వేసుకోండి. ఆ మెట్టు మీద మార్కు 4 గానీ అంతకంటే తక్కువ గానీ వరుసగా మూడు రోజులు వస్తే పైకి వెళ్ళండి. 8 దాటి తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి రండి, అందులో సిగ్గేం లేదు. మధ్యలో రెండు వారాలు పరీక్షలొచ్చి ఆగిపోతే కూడా ఒక మెట్టు కింద నుంచే మళ్ళీ మొదలెట్టండి.

7. ఆడే రోజు వరుస

1. ఎన్ని గేమ్సో ముందే కాగితం మీద రాయండి. మొదట్లో ఒకటి, తర్వాత మూడు.
2. 3వ భాగంలో లిస్టు చూసుకోండి.
3. వేళ్ళు వేడెక్కించండి: ఐదు నిమిషాలు పజిల్స్, లేదా ట్రైనింగ్ మోడ్. ఐదే. అరగంట వార్మప్ అంటే అది తప్పించుకోవడమే.
4. గాభరా మార్కు రాయండి.
5. ఈ గేమ్‌లో ఒక్క పని ఎంచుకోండి, మీ చేతిలో ఉన్న పని. "గెలవాలి" అన్నది మీ ఒక్కరి చేతిలో లేదు. "ప్రతి ఎత్తు ముందు అవతలి బెదిరింపు చూస్తాను" అన్నది మీ చేతిలో ఉంది.
6. ఆరు ఊపిరులు, "ఊపు వచ్చింది" అనుకుని, ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టి నొక్కెయ్యండి. ఒకటి దగ్గర బొటనవేలు ఆగిపోతుంది, అక్కడ ఇంకో ఆలోచనకి సందివ్వకండి.
7. ప్రత్యర్థి దొరికాక వాడి ప్రొఫైల్ తెరవకండి. వాడి రేటింగ్, గెలుపు శాతం, దేశం ఏదీ మీకు ఇప్పుడు అక్కర్లేదు.
8. గేమ్ అయ్యాక లేచి నిలబడండి. చేతులు తుడుచుకుని నీళ్ళు తాగండి. గేమ్‌కీ గేమ్‌కీ మధ్య కనీసం మూడు నిమిషాలు.
9. రాసుకున్న లెక్క అవ్వగానే ఆపండి. గెలుస్తున్నా ఆపండి, ఓడుతున్నా ఆపండి.

తొమ్మిదోది గురించి కొంచెం చెప్పాలి, అక్కడే అందరూ జారిపోతారు. మూడు అనుకుని మొదటిది గెలవగానే "చాలు, రేటింగ్ కాపాడుకుందాం" అని ఆపేస్తే, అది కూడా భయానికి లొంగడమే, పైకి తెలివిలాగ కనపడుతుందంతే. మూడూ ఓడాక "పోయినవి తెచ్చుకుందాం" అని నాలుగోది పెడితే కోపంతో ఆడతారు, ఐదోది, ఆరోది కూడా పోతుంది. లెక్క ముందు రాసుకోవడం ఈ రెండింటి కోసమే.

గేమ్ తర్వాత చూసుకోవడం మర్చిపోకండి, కానీ అదే నిమిషంలో వద్దు. ఆ రోజు గేమ్స్ అన్నీ అయ్యాక, వీలైతే మర్నాడు. ముందు ఇంజిన్ లేకుండా మీరే చూసి, ఎక్కడ దారి తప్పిందో ఒక్క లైను రాయండి. తర్వాత లిచెస్‌లో కంప్యూటర్ విశ్లేషణ పెట్టండి, అందులో మీ తప్పుల దగ్గరే ఆపి మళ్ళీ ఎత్తు వెయ్యమనే సౌకర్యం ఉంది, చాలా మంచిది. క్లాష్ రాయల్‌లో బ్యాటిల్ లాగ్‌లో రీప్లే ఉంటుంది. గేమ్‌కి ఒక్క తప్పు, అంతకంటే వద్దు. ఏడు తప్పులు రాసుకున్నవాడు రేపు ఏడు భయాలతో కూర్చుంటాడు.

8. మామూలుగా జరిగే తప్పులు, వాటి మరమ్మతు

రెండో అకౌంట్ తెరవడం. అసలు అకౌంట్ రేటింగ్ భద్రంగా దాచి, దొంగ అకౌంట్‌లో ఆడటం. భయం అసలు అకౌంట్ మీదే ఉండిపోతుంది, పైగా అక్కడ నిజంగా కొత్తగా వచ్చిన పిల్లలు మీ చేతిలో అన్యాయంగా ఓడతారు. మరమ్మతు: దాచిన అకౌంట్‌లోనే, రేటింగ్ కనపడకుండా, రోజుకి ఒక గేమ్.

వీడియోలు చూస్తూ కూర్చోవడం. "ఇంకొంచెం నేర్చుకుని దిగుతాను" అని నెలలు గడిచిపోతాయి. మరమ్మతు: ఒక వీడియో చూస్తే ఒక గేమ్ ఆడాలి, ఆడకపోతే రెండో వీడియో లేదు.

రాత్రి 11 దాటాక ఆడటం. ఇంట్లో అందరూ పడుకుంటారు, ప్రశాంతంగా ఉంటుందని. ఓడిపోతే నిద్ర రాదు, గెలిచినా రాదు, మర్నాడు అలసట మీద గాభరా రెండింతలవుతుంది. మరమ్మతు: పడుకునే రెండు గంటల ముందే ఆఖరి గేమ్. ఖాళీ కడుపుతో, స్ట్రాంగ్ టీ రెండు కప్పులు తాగి కూర్చోవడం కూడా ఇలాంటిదే, టీలో కెఫీన్ గుండె దడని ఇంకా లేపుతుంది.

నెట్ మీద నెపం. ప్రతి ఓటమీ ల్యాగ్ వల్లే అనుకుంటే మనసుకి హాయే గానీ నేర్చుకునేది సున్నా. నిజంగా ల్యాగ్ ఉందనుకుంటే గేమ్ ముందు పింగ్ (నెట్ ఎంత ఆలస్యమో చెప్పే అంకె) చూసి రాసుకోండి. లిచెస్ కొంతవరకు నెట్ ఆలస్యాన్ని గడియారంలో తిరిగి ఇస్తుంది, కనెక్షన్ పూర్తిగా పోతే మాత్రం గడియారం నడిచిపోతుంది, దానికి మందు 3వ భాగమే.

మధ్యలో వదిలేసి పారిపోవడం. ఓడిపోయేలా ఉంటే యాప్ మూసెయ్యడం. చాలా ఆటల్లో దీనికి పెనాల్టీ ఉంది, ఉన్నా లేకున్నా మీకే నష్టం, ఎందుకంటే ఓటమి చివరిదాకా చూసి "ఏమీ అవ్వలేదే" అని తెలుసుకునే అవకాశం మీరే పోగొట్టుకుంటున్నారు. చెస్‌లో పద్ధతిగా రిజైన్ చెయ్యడం (ఓటమి ఒప్పుకోవడం) వేరు, అది పర్లేదు. మొదటి నెల మాత్రం చెక్‌మేట్ అయ్యేదాకా ఆడండి, కింది స్థాయిల్లో అవతలివాళ్ళూ గాభరాలోనే ఉంటారు, గెలిచే గేమ్ చేజార్చుకుంటారు.

తిట్లకి జవాబివ్వడం. మనకి తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చు కదా అని మూడింట్లోనూ తిరిగి తిట్టడం. వద్దు. బ్లాక్, రిపోర్ట్, అంతే, రెండు ట్యాప్‌ల పని.

9. ఇంట్లోవాళ్ళు చూస్తుంటే

మన ఇళ్ళల్లో విడిగా గది దొరకడం కష్టం. హాల్లో కూర్చుని ఆడుతుంటే పక్కన తమ్ముడు తొంగిచూస్తాడు, బావ వచ్చి "ఏరా, మళ్ళీ ఓడిపోయావేటి?" అంటాడు. ఆయన సరదాకే అంటాడు, మీకు మాత్రం అది మనసులో దిగిపోతుంది.

ముందే చెప్పెయ్యండి. "బావా, పావుగంట నాతో మాట్లాడకు, అయ్యాక గేమ్ మొత్తం నీకు చూపిస్తాను" అంటే చాలామంది వింటారు, చూపిస్తానన్న మాట ఉంది కాబట్టి. మాట నిలబెట్టుకోండి, ఓడిన గేమ్ అయినా చూపించండి. అలా ఓడిన గేమ్ ఇంకొకరికి చూపించి వివరించడం దానికదే ఒక మందు.

అమ్మానాన్నలకి ఒక మాట. గేమ్ అయ్యాక "గెలిచావా?" అని మొదట అడగకండి. "ఎలా సాగింది?" అనండి, "ఎక్కడ కష్టమైంది?" అనండి. ఓడినప్పుడు పక్కింటి గుంటడి రేటింగ్‌తో పోల్చకండి. పిల్లాడు మూడు అని రాసుకుని మూడు దగ్గర ఆపేస్తే అది మెచ్చుకోండి, మీరు మెచ్చుకోవాల్సింది అదే.

10. ఇది ఆట దాటిపోయిందని ఎప్పుడు అనుకోవాలి

పై పద్ధతి శ్రద్ధగా ఆరు వారాలు చేసినా మొదటి మెట్టు దగ్గరే మార్కు 8, 9 ఉంటే, లేదా ఇవి కనపడితే, ఒక్కరే పోరాడకండి:

- క్లాసులో నోరు విప్పాలన్నా, తెలియనివాళ్ళకి ఫోన్ చెయ్యాలన్నా ఇదే గాభరా
- ఆడనప్పుడు కూడా ఊపిరాడనట్టు, గుండె పట్టేసినట్టు అకస్మాత్తుగా రావడం
- ఓటమి గురించి ఆలోచిస్తూ వరుసగా రాత్రులు నిద్ర లేకపోవడం
- ఓడినప్పుడు తనని తాను కొట్టుకోవడం, బతకాలని లేదనిపించడం

చివరిది ఉంటే ఆరు వారాలు ఆగకండి, ఈ రోజే ఇంట్లో చెప్పండి, ఈ రోజే ఫోన్ చెయ్యండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరకే వెళ్ళాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళినప్పుడు "గేమ్ ఆడాలంటే భయం" అని చెప్పడానికి మొహమాటపడకండి, గుండె దడ ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, దానివల్ల ఏయే పనులు మానేస్తున్నారు, ఈ మూడూ చెప్తే వాళ్ళకి సరిపోతుంది.